పేజర్ కంపెనీల ఫ్రీక్వెన్సీ తగాదాలు: ‘వేలమే ఏకైక మార్గం’ అని రాసే ముందు

స్పెక్ట్రమ్ కేటాయింపు మీద మెయిన్స్‌లో ప్రశ్న వస్తే మన జవాబు ఎలా సాగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మొదటి పేరాలో 2జీ, రెండో పేరాలో కాగ్ లెక్కగట్టిన 1.76 లక్షల కోట్ల రూపాయలు, మూడో పేరాలో 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పు. చివర్లో ‘కాబట్టి పారదర్శకమైన వేలమే ఏకైక మార్గం’ అని గీత గీసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం.

ఆ ముగింపు తప్పని నేను అనను. సగమే నిజమని అంటాను. ఆ మిగతా సగం తెలియాలంటే 2జీని కాసేపు పక్కనబెట్టి, అంతకంటే పాత, అంతకంటే చిన్న పరికరం దగ్గరికి వెళ్లాలి. అదే పేజర్. ఒకప్పుడు నడుముకు బెల్టు దగ్గర తగిలించుకుని డాక్టర్లు, సేల్స్‌మెన్లు తిరిగిన ఆ డబ్బా కోసం జరిగిన ఫ్రీక్వెన్సీ తగాదాల్లో, ప్రభుత్వాలు ఇంతవరకు కనిపెట్టిన కేటాయింపు పద్ధతులు దాదాపు అన్నీ కనిపిస్తాయి. ముఖ్యంగా అమెరికాలో. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం అక్కడి కథ. చివర్లో మన దేశానికి వద్దాం.

నా వాదన ముందే చెబుతాను. స్పెక్ట్రమ్‌ను ఏ పద్ధతిలో ఇచ్చారన్నది రెండో ప్రశ్న. నియమాలు ముందే చెప్పారా, కారణాలు కాగితం మీద పెట్టారా, సకాలంలో తేల్చారా అన్నవి మొదటి ప్రశ్నలు. ఈ మూడింటిలో ఒకటి లోపించిన చోట వేలమైనా, లాటరీ అయినా, క్యూ అయినా కోర్టు మెట్లెక్కింది.

ముందు కాస్త సాంకేతికం: పేజర్‌కు ఫ్రీక్వెన్సీ ఎందుకంత విలువైనది?

ఈసీఈ చదివినవాళ్లు ఈ భాగం దాటేయవచ్చు. మిగతావాళ్లు మాత్రం చదవండి, తగాదా అంతా ఇక్కడే పుట్టింది.

మొబైల్ ఫోన్ తాను ఎక్కడుందో నెట్‌వర్క్‌కు చెబుతూ ఉంటుంది. కాబట్టి కాల్‌ను ఆ ఒక్క టవర్‌కే పంపితే చాలు. అదే ఫ్రీక్వెన్సీని కొంత దూరంలో ఉన్న ఇంకో టవర్ ఇంకొకరి కోసం వాడుకోవచ్చు. మామూలు పేజర్ అలా కాదు. అది వినడమే తప్ప తిరిగి మాట్లాడదు. అది ఊళ్లో ఏ మూల ఉందో కంపెనీకి తెలియదు. అందుకే సందేశాన్ని ఆ ప్రాంతంలోని ట్రాన్స్‌మిటర్లన్నీ ఒకేసారి, ఒకే ఫ్రీక్వెన్సీ మీద పంపాలి. దేశమంతా పనిచేసే పేజర్ కావాలంటే దేశమంతటా అదే ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉండాలి.

దీంట్లోంచి ఒక చిక్కు వస్తుంది. ఒక చిన్న పట్టణంలో ఒక చిన్న కంపెనీ ఆ ఛానెల్‌ను ముందే తీసుకుని కూర్చుంటే, దేశవ్యాప్త సేవ ఇవ్వాలనుకున్న పెద్ద కంపెనీకి ఆ పట్టణం దగ్గర గొలుసు తెగిపోతుంది. పెద్ద కంపెనీకి దేశమంతా రాసిస్తే ఆ చిన్న కంపెనీ వ్యాపారం మూసుకోవాలి. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. ఇద్దరికీ కలిపి ఇవ్వడానికి మాత్రం ఛానెల్ ఒక్కటే.

ఇంకో తేడా కూడా గుర్తుపెట్టుకోండి. ఫలానా బ్యాండును ఫలానా సేవకు వాడాలని నిర్దేశించడం ఒక నిర్ణయం. ఆ బ్యాండులోని ఫలానా ఛానెల్‌ను ఫలానా కంపెనీకి ఇవ్వడం ఇంకో నిర్ణయం. తెలుగులో రెండింటినీ ‘కేటాయింపు’ అనేస్తాం. జవాబులో మాత్రం విడదీసి రాయండి. పేజింగ్ తగాదాలు ఈ రెండు మెట్ల మీదా జరిగాయి.

మొదటి తగాదా: ఎవరి కోసం విడిగా ఉంచాలి?

అమెరికాలో ఫ్రీక్వెన్సీలు ఇచ్చే అధికారం 1934 చట్టం ప్రకారం ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌ది, అంటే ఎఫ్‌సీసీది. చట్టం దానికి ఇచ్చిన కొలబద్ద ‘ప్రజా ప్రయోజనం, సౌకర్యం, అవసరం’. వినడానికి బాగుంటుంది, కానీ ఒకే ఛానెల్ కోసం ఇద్దరు వచ్చినప్పుడు ఎవరికివ్వాలో ఈ మాటలు చెప్పవు.

1968లో ఎఫ్‌సీసీ పేజింగ్ కోసం కొత్తగా కొన్ని ఛానెళ్లు తెరిచింది. వాటిలో కొన్ని టెలిఫోన్ కంపెనీలకు, కొన్ని స్వతంత్ర రేడియో కంపెనీలకు అని విడగొట్టింది. స్వతంత్ర కంపెనీలు ఒప్పుకోలేదు. అప్పటి టెలిఫోన్ కంపెనీలు మామూలు కంపెనీలు కావు, గుత్తాధిపత్యం ఉన్నవి. ఇంటింటికీ తీగ ఉన్నవాడిని ఈ చిన్న బజారులోకి కూడా రానిస్తే మేం బతికేదెలా అన్నది వాళ్ల ప్రశ్న. రేడియో రిలే కార్పొరేషన్ అనే కంపెనీ కోర్టుకు వెళ్లింది. 1969లో అప్పీళ్ల కోర్టు కమిషన్ నిర్ణయాన్ని సమర్థించింది.

ఇక్కడ వేలం లేదు, డబ్బు లేదు. అయినా వివాదం వచ్చింది. బ్యాండును ఎలా ముక్కలు చేశారన్న దాంట్లోనే ఎవరు బతకాలి అన్న నిర్ణయం దాగి ఉంటుంది. ఈ మాట మళ్లీ అవసరమవుతుంది.

విచారణ, తర్వాత లాటరీ

ఒకే ఫ్రీక్వెన్సీకి ఇద్దరు దరఖాస్తు చేస్తే ఒకరికి ఇచ్చేసి, రెండోవారిని విచారణకు పిలవడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు 1945లోనే ఆష్‌బ్యాకర్ కేసులో చెప్పింది. అది మిషిగన్‌లోని రెండు రేడియో స్టేషన్ల వ్యవహారం. వస్తువు ఇచ్చేశాక జరిగే విచారణ ఉత్తుత్తి విచారణ అవుతుందన్నది దాని సారం. మన సహజ న్యాయ సూత్రాలు చదివినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

దాంతో పోటీ దరఖాస్తులను పక్కపక్కన పెట్టి పోల్చి చూసే విచారణలు నడిచాయి. పద్ధతి న్యాయంగానే ఉంది, కానీ ఏళ్లు పట్టేది, లాయర్లకు పండగ. వేగం కోసం 1980ల్లో లాటరీ తెచ్చారు. లాటరీలో పక్షపాతం లేదు, నిజమే. కానీ సేవ ఇచ్చే ఉద్దేశం ఏమాత్రం లేనివాళ్లు కూడా చీటీ వేశారు. డబ్బు తీసుకుని దరఖాస్తులు నింపిపెట్టే దుకాణాలు వెలిశాయి. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ ప్రాంతపు సెల్యులార్ లైసెన్సు 1989లో లాటరీలో గెలిచినవాళ్లు దాన్ని దాదాపు 4.1 కోట్ల డాలర్లకు అమ్మేసుకున్నారు. ప్రజల ఆస్తి ప్రభుత్వం చేతిలోంచి ఉచితంగా వెళ్లి, మధ్యవాడి చేతిలో ధర పలికింది. 2జీ గురించి చదివినవాళ్లకు ఈ కథ ఎక్కడో విన్నట్టు ఉంటుంది.

వాడి చూపిస్తేనే హక్కు

1982లో ఎఫ్‌సీసీ 929 నుంచి 932 మెగాహెర్ట్జ్ వరకు పేజింగ్‌కు తెరిచింది. 929–930 ప్రైవేటు పేజింగ్‌కు, 931–932 ప్రజాసేవ కంపెనీలకు. మధ్యలోని 930–931ని భవిష్యత్తులో వచ్చే టెక్నాలజీ కోసం ఖాళీగా ఉంచింది. ఒక్కో మెగాహెర్ట్జ్‌లో 25 కిలోహెర్ట్జ్ చొప్పున 40 ఛానెళ్లు.

929–930లో మొదట ఛానెల్ ఎవరి సొంతమూ కాదు. పక్కపక్క కంపెనీలు పంచుకోవాలి. చందాదారులు తక్కువగా ఉన్నంతకాలం ఫరవాలేదు. రద్దీ పెరిగాక ఎవరి వంతు ఎప్పుడన్న గొడవ మొదలవుతుంది. రేపు పక్కన ఇంకొకడు దిగుతాడని తెలిస్తే పెద్ద పెట్టుబడి ఎవరూ పెట్టరు.

1993లో ఎఫ్‌సీసీ చేసిన ఏర్పాటు నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన భాగం. ఛానెల్ మీద ఏకైక హక్కు కావాలా? అయితే నెట్‌వర్క్ కట్టి చూపించు. స్థానిక హక్కుకు కనీసం 6 ట్రాన్స్‌మిటర్లు, ప్రాంతీయ హక్కుకు 70, దేశవ్యాప్త హక్కుకు 300. డబ్బు మూట తెచ్చినవాడికి కాదు, లక్ వచ్చినవాడికీ కాదు, సేవ కట్టినవాడికి. ఇందులో అధికారి విచక్షణ చాలా తక్కువ. ట్రాన్స్‌మిటర్లు లెక్కపెడితే సరిపోతుంది. ఖజానాకు పెద్దగా ఏమీ రాదన్నది దీని లోపం. వాడకుండా దాచుకునేవాడిని బయటే ఆపుతుందన్నది దీని బలం.

వేలం, విచక్షణ అని రెండే గదులు ఉన్నాయనుకుంటాం. మధ్యలో ఇలాంటి మూడో గది కూడా ఉంటుంది.

మధ్యలో మారిన మాట: ఎంటెల్ వివాదం

ఇక అసలు మలుపు. కొత్త టెక్నాలజీ తెచ్చినవాళ్లకు ప్రోత్సాహంగా, పోటీ లేకుండా లైసెన్సు ఇచ్చే పథకాన్ని ఎఫ్‌సీసీ 1991లో పెట్టింది. దాన్ని ‘పయనీర్స్ ప్రిఫరెన్స్’ అన్నారు. మనం ‘మార్గదర్శికి ప్రాధాన్యం’ అనుకోవచ్చు. రెండువైపులా సందేశాలు నడిచే కొత్త రకం పేజింగ్ నెట్‌వర్క్ ప్రతిపాదించినందుకు ఎంటెల్ అనే కంపెనీకి 1993లో ఆ ప్రాధాన్యం దక్కింది.

అదే 1993 ఆగస్టులో అమెరికా కాంగ్రెస్ స్పెక్ట్రమ్‌ను వేలం వేసే అధికారాన్ని ఎఫ్‌సీసీకి ఇచ్చింది. దాంతో ఇబ్బంది వచ్చింది. పోటీదారులందరూ కోట్లు పెట్టి లైసెన్సు కొంటుంటే ఎంటెల్‌కు ఉచితంగా ఎలా ఇస్తారు? అది న్యాయమైన ప్రశ్న. ఉచితంగా వస్తుందన్న నమ్మకంతోనే కదా మేం పరిశోధన బయటపెట్టింది, ఇప్పుడు బిల్లు ఇస్తే ఎలా? ఇదీ న్యాయమైన ప్రశ్నే. కమిషన్ 1994లో ఎంటెల్ కూడా డబ్బు కట్టాలని తేల్చింది. వివాదం వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టుకు చేరింది. 1997లో ఆ ప్రాధాన్య పథకాన్నే చట్టం ముగించేసింది.

ఎంటెల్ వైపు మీరు నిలబడతారా, కమిషన్ వైపా అన్నది మీ ఇష్టం. నేను గమనించమనేది ఒకటే. వేలమూ పోటీ లేని కేటాయింపూ రెండూ చట్టబద్ధమే. ఒక పద్ధతి కింద మాట ఇచ్చి, ఇంకో పద్ధతి కింద వసూలు చేయడం దగ్గర తగాదా పుట్టింది.

మొదటి వేలం: పదింటికి 61.7 కోట్ల డాలర్లు

అమెరికా చరిత్రలో మొట్టమొదటి స్పెక్ట్రమ్ వేలం మొబైల్ ఫోన్ల కోసం జరగలేదు. ఆధునిక పేజింగ్ కోసం జరిగింది. 1994 జూలై 25 నుంచి 29 వరకు 10 దేశవ్యాప్త లైసెన్సులు వేలం వేస్తే 61.7 కోట్ల డాలర్లు వచ్చాయి. పన్నెండేళ్లుగా ఖాళీగా ఉంచిన 930–931 కూడా ఇందులో భాగమే. లైసెన్సులన్నీ ఒకేసారి బల్లమీద పెట్టి, రౌండ్ల వారీగా ధరలు పెంచుకుంటూ పోయే ఈ వేలం నమూనాకు రూపమిచ్చినవారిలో పాల్ మిల్‌గ్రామ్, రాబర్ట్ విల్సన్ ఉన్నారు. వీరిద్దరికీ 2020లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. స్పెక్ట్రమ్‌ను ధరకు అమ్మాలన్న వాదనను రొనాల్డ్ కోస్ 1959లోనే వివరంగా రాశారు. ఆలోచనకు, అమలుకు మధ్య 35 ఏళ్లు పట్టింది.

ఇది వేలానికి గొప్ప విజయమే, కాదనను. ఐదు రోజుల్లో తేలింది. ఏళ్ల తరబడి విచారణలు లేవు, చీటీల బేరాలు లేవు.

కానీ కథ ఇక్కడ ఆపితే మన జవాబుల్లాగే సగంలో ఆగినట్టు.

రెండో వేలం: 985 లైసెన్సులకు 41 లక్షల డాలర్లు

మిగతా పాత పేజింగ్ ఛానెళ్లను కూడా వేలం దారిలోకి తేవాలని ఎఫ్‌సీసీ అనుకుంది. 1996 ఫిబ్రవరిలో కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. ఏడాది తర్వాత, ట్రాన్స్‌మిటర్ వారీగా కాకుండా ప్రాంతాల వారీగా లైసెన్సులు ఇస్తామని, వాటిని వేలం వేస్తామని ప్రకటించింది. అప్పటికే క్యూలో ఉన్న చిన్న కంపెనీలు మండిపడ్డాయి. మా ఊరి చుట్టూ ఉన్న ప్రాంతమంతా ఇంకొకడు కొనుక్కుంటే మేం ఒక్క ట్రాన్స్‌మిటర్ కూడా పెంచుకోలేమన్నది వాళ్ల బాధ. మళ్లీ కోర్టు.

వేలం జరిగేసరికి 2000 వచ్చింది. 929, 931 బ్యాండుల్లో 2,499 లైసెన్సులు పెడితే 985 మాత్రమే అమ్ముడయ్యాయి. వచ్చింది దాదాపు 41 లక్షల డాలర్లు. 1994లో పదింటికి వచ్చినదానితో పోల్చి చూడండి. రెండు లైసెన్సులూ ఒకలాంటివి కావు, ఇది ఒప్పుకోవాలి. అవి దేశవ్యాప్తమైనవి, ఇవి ప్రాంతీయమైనవి. పాత కంపెనీల ట్రాన్స్‌మిటర్లకు అడ్డు రాకుండా మిగిలిన చోటే వాడుకోవాలి. అయినా అంత తేడాకు అదొక్కటే కారణం కాదు. ఆ మధ్యకాలంలో మొబైల్ ఫోన్ చవకైంది, పేజర్ మీద మోజు తీరిపోయింది. 1994 వేలంలో లైసెన్సులు గెలిచిన పేజ్‌నెట్ 2000లోనే దివాలా రక్షణ కోరింది.

దీన్నుంచి నేను తీసుకునే పాఠం ఇది. స్పెక్ట్రమ్ నేలలో ఉన్న బొగ్గు లాంటిది కాదు. ఈ ఏడాది తవ్వకపోతే వచ్చే ఏడాదికి మిగలదు. వాడని ప్రతి రోజూ ఆ రోజు విలువ పోయినట్టే. అత్యుత్తమ పద్ధతి కోసం నాలుగేళ్లు తలుపు మూసి కూర్చుంటే, తెరిచేసరికి కొనేవాడు ఉండకపోవచ్చు. ఆలస్యం కూడా ఒక నిర్ణయమే, దాని ఖర్చు మాత్రం ఏ ఆడిట్ నివేదికలోనూ అంత తేలిగ్గా కనబడదు.

ఇప్పుడు మన దేశానికి

మన దగ్గర 1992 జూలైలో విలువ ఆధారిత సేవల్లోకి ప్రైవేటు రంగాన్ని రానిచ్చారు. ఈమెయిల్, వాయిస్ మెయిల్ లాంటి వాటికి లైసెన్సుల సంఖ్యపై పరిమితి పెట్టలేదు. పేజింగ్, సెల్యులార్ సేవలకు మాత్రం ఎందరికైనా ఇవ్వడం కుదరదు కాబట్టి టెండర్ ద్వారా ఎంపిక అన్నారు. పేజింగ్‌కు 27 నగరాలను ఎంచుకున్నారు. సేవలు 1995లో మొదలయ్యాయి.

1994 జాతీయ టెలికాం విధానం చదివితే ఆ ఎంపికకు ఆరు ప్రమాణాలు కనిపిస్తాయి. కంపెనీ గత చరిత్ర, టెక్నాలజీ పొసగడం, భవిష్యత్తుకు దాని ఉపయోగం, దేశ భద్రత, తక్కువ ఖర్చులో మంచి సేవ, టెలికాం శాఖకు లాభసాటి వాణిజ్య షరతులు. ఒక్కోటి చూస్తే దేనికీ వంక పెట్టలేం. కానీ దేనికి ఎన్ని మార్కులు? దేశ భద్రతలో నెగ్గి ధరలో ఓడితే ఏమవుతుంది? మన జీఎస్ పేపర్లో ఒక్కో ప్రశ్నకు ఎన్ని మార్కులో చెప్పకుండా పరీక్ష పెడితే ఊరుకుంటామా?

అదే కాలంలో నాలుగు మహానగరాల సెల్యులార్ టెండర్ మీద సరిగ్గా ఈ గొడవే సుప్రీంకోర్టుకు వెళ్లింది. చెప్పని ప్రమాణాలతో వడపోశారన్నది ఒక ఆరోపణ, పక్షపాతం ఇంకో ఆరోపణ. అదే 1994 నాటి టాటా సెల్యులార్ కేసు. టెండర్లపై న్యాయ సమీక్ష అంటే మనం ఇప్పటికీ ఉదహరించేది ఆ తీర్పునే. కోర్టు నిర్ణయం మీద అప్పీలు వినదు, నిర్ణయం తీసుకున్న తీరును మాత్రమే చూస్తుందన్న సూత్రం అక్కడే స్థిరపడింది. ‘తీరు’ అన్న ఆ మాట పక్కన గుర్తు పెట్టుకోండి.

తర్వాతిది మీకు తెలిసిందే. భారీగా వేలంపాట పాడి తెచ్చుకున్న స్థిర లైసెన్సు ఫీజులు కట్టలేక ఆపరేటర్లు చేతులెత్తేస్తే, 1999 విధానం ఆదాయంలో వాటా పద్ధతికి మార్చింది. పేజింగ్‌కు కూడా ఆ విధానం అదే దారి చూపింది. కానీ అప్పటికే ఇక్కడా మొబైల్ గాలి వీచింది. పేజర్ నిలబడలేదు.

2008కి వద్దాం. 2జీలో ‘ముందు వచ్చినవారికి ముందు’ అన్న పద్ధతి పాటించారు. ధర 2001 నాటిది, దేశమంతటికీ 1,658 కోట్ల రూపాయలు. అంతకంటే దారుణం, దరఖాస్తుల గడువును 2007 అక్టోబరు 1 నుంచి సెప్టెంబరు 25కి వెనక్కి జరిపారు, అదీ గడువు దాటాక. 2008 జనవరి 10న గంటల వ్యవధిలో డ్రాఫ్టులు కట్టినవాళ్లు ముందు నిలబడ్డారు. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. ఆ క్రిమినల్ కేసులో నిందితులను ప్రత్యేక కోర్టు 2017 డిసెంబరులో నిర్దోషులుగా వదిలేసిన సంగతి కూడా జవాబులో రాయండి. నేరం రుజువు కాకపోవడం వేరు, పాలనా నిర్ణయం చెల్లకపోవడం వేరు. ఈ తేడా రాసినవాడి జవాబు వెంటనే పైకి తేలుతుంది.

మనలో చాలామంది వదిలేసేది ఆ తర్వాతి మెట్టు. అదే ఏడాది సెప్టెంబరు 27న రాష్ట్రపతి నివేదన మీద రాజ్యాంగ ధర్మాసనం అభిప్రాయం చెప్పింది. సహజ వనరులన్నింటికీ వేలమే రాజ్యాంగ ఆదేశం కాదు. పద్ధతి ఏదైనా ఆర్టికల్ 14కు నిలబడాలి, అంటే న్యాయంగా, నిష్పాక్షికంగా, ఏకపక్షం కాకుండా ఉండాలి.

‘వేలంలో విచక్షణ ఉండదు కదా?’

నా వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఇదే. అధికారి చేతికి విచక్షణ ఇస్తే అవినీతి వస్తుంది, వేలంలో ధరే మాట్లాడుతుంది, కాబట్టి వేలమే మేలు. మన దేశపు అనుభవం చూశాక ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం.

కానీ వేలంలో విచక్షణ పోదు, చోటు మారుతుంది. కనీస ధర ఎంత? బ్లాకు సైజు ఎంత? లైసెన్సు ఒక పట్టణానికా, దేశానికా? ఎవరు పాల్గొనవచ్చు? ఇవన్నీ ఎవరో ఒక గదిలో కూర్చుని తేల్చేవే. 1968లో ఛానెళ్లను ముక్కలు చేసినప్పుడే ఎవరు బతకాలో సగం తేలిపోయిందని పైన చూశాం. మన దగ్గర 700 మెగాహెర్ట్జ్ బ్యాండునే తీసుకోండి. 2016లో దేశవ్యాప్తంగా ఒక్కో మెగాహెర్ట్జ్‌కు 11,485 కోట్ల రూపాయల కనీస ధర పెట్టారు. ఒక్కరూ పాడలేదు. 2021లోనూ అమ్ముడుపోలేదు. 2022 దాకా ఆగాల్సి వచ్చింది. గోడలు దాటి ఇళ్లలోకి, దూరంగా పల్లెల్లోకి బాగా వెళ్లే బ్యాండు అది. అన్నేళ్లూ దాని మీద ఒక్క ప్రైవేటు కాల్ కూడా నడవలేదు. ఇక్కడ అవినీతి లేదు, అయినా ప్రజలకు నష్టం జరిగింది.

ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం చూడండి. సాధారణ నియమం వేలం. మొదటి షెడ్యూల్‌లో ఉన్న అవసరాలకు పాలనాపరమైన కేటాయింపు. ప్రజా ప్రయోజనం కోసమో, సాంకేతిక, ఆర్థిక కారణాల వల్ల వేలం తగదనుకున్నప్పుడో ఆ షెడ్యూల్‌ను ప్రభుత్వం మార్చవచ్చు. ఉపగ్రహ ఇంటర్నెట్ స్పెక్ట్రమ్‌ను వేలం లేకుండా ఇవ్వాలా అని కంపెనీల మధ్య జరిగిన వాదన ఈ నేపథ్యంలోదే. ఒకే ఫ్రీక్వెన్సీని అనేక ఉపగ్రహ వ్యవస్థలు పంచుకోగలవు కాబట్టి వేలం పొసగదని ఒక పక్షం, అదే సేవ అదే వినియోగదారుడికి అమ్ముతున్నప్పుడు మాకో నియమం వాళ్లకో నియమమా అని నేల మీది కంపెనీలు. 2025 మేలో ట్రాయ్ పాలనాపరమైన కేటాయింపు కోసం సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో 4 శాతం చార్జీ సిఫారసు చేసింది.

పేజింగ్ కథ తెలిసినవాళ్లకు ఇక్కడ ఏం అడగాలో తెలుస్తుంది. ‘వేలం ఎందుకు లేదు?’ అన్న ఒక్క ప్రశ్నతో ఆగకూడదు. పంచుకోవడం కుదురుతుందన్న మాటకు సాంకేతిక ఆధారం బయటపెట్టారా? రద్దీ పెరిగి పంచుకోవడం కుదరని రోజు వస్తే నియమం ఏమిటో ఇప్పుడే రాశారా? తీసుకుని వాడనివాడి దగ్గర నుంచి వెనక్కి తీసుకుంటారా? వాడని స్పెక్ట్రమ్‌ను వెనక్కి తీసుకునే అధికారం కొత్త చట్టంలో ఉంది. 300 ట్రాన్స్‌మిటర్ల నియమంలాగా స్పష్టమైన కొలత లేకపోతే ఆ అధికారమే రేపటి తగాదా అవుతుంది.

జవాబులో ఎలా వాడుకోవాలి

ఈ విషయం జీఎస్-2లో నియంత్రణ సంస్థల కింద వస్తుంది, జీఎస్-3లో మౌలిక సదుపాయాల కింద వస్తుంది, జీఎస్-4లో విచక్షణాధికారం కింద కూడా వస్తుంది. ఏ పేపర్లో వచ్చినా ఏ పద్ధతినైనా ఈ మూడు ప్రశ్నలతో తూచండి.

1. నియమం ఆట మొదలవకముందే ఉందా? ఎంటెల్ వివాదం, 2007 గడువు తేదీ మార్పు ఇక్కడ ఉదాహరణలు.

2. కారణం కాగితం మీద ఉందా? ఆరు ప్రమాణాలు రాసి వాటి తూకం చెప్పకపోవడం ఇక్కడికి వస్తుంది. షెడ్యూల్ మార్చే ప్రతిసారీ కారణాలు ప్రచురించాలన్న సూచన కూడా ఇక్కడే రాయండి.

3. సకాలంలో జరిగిందా, తీసుకున్నవాడు వాడుతున్నాడా? 1996 నుంచి 2000 దాకా ఆగిన పేజింగ్ లైసెన్సులు, అమ్ముడుపోని 700 మెగాహెర్ట్జ్ ఇక్కడికి.

ముగింపులో ‘వేలమే మార్గం’ అని రాయాలనిపిస్తే రాయండి. చాలా సందర్భాల్లో అది సరైన సమాధానమే. ఎందుకు, ఎప్పుడు, ఏ షరతులతో అన్నది మాత్రం కలిపి రాయండి.

ఇది మార్కుల కోసం మాత్రమే చెప్పడం లేదు. మనలో కొందరం రేపు ఏదో ఒక శాఖలో కూర్చుంటాం. ఇసుక రీచ్ కావచ్చు, బస్టాండ్‌లో షాపు కావచ్చు, చెరువులో చేపల హక్కు కావచ్చు, ఒకే వస్తువు కోసం ఇద్దరు అర్హులు మన ముందు నిలబడతారు. ఎవరికో ఒకరికే ఇవ్వగలం. రెండోవాడు ఖాళీ చేతులతో వెళ్లేటప్పుడు అతనికి ఇవ్వగలిగింది ఒక్కటే ఉంటుంది, ఎందుకు రాలేదో చదివి అర్థం చేసుకోగల ఒక కాగితం. ఆ కాగితం రాయడం ఇప్పటి నుంచే నేర్చుకుందాం.

సాధన ప్రశ్న: ‘సహజ వనరుల పంపిణీలో పద్ధతి కంటే ప్రక్రియే ముఖ్యం.’ స్పెక్ట్రమ్ కేటాయింపు అనుభవాల ఆధారంగా విమర్శనాత్మకంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)